కొమురయ్యకు తెచ్చిన క్వార్టరు

ఆ పొద్దుటికి జగదీష్ వేసుకున్న ఏర్పాటులో వంక పెట్టడానికి ఏమీ లేదు. మిర్యాలగూడలో కోడి కూయకముందే బండి తీయాలి. హుజూర్‌నగర్ బస్టాండు దగ్గర వేడివేడి మిర్చీ బజ్జీలు కట్టించుకోవాలి. చీకట్లు విడేసరికి కోదాడ దగ్గరి చిలుకూరులో అత్తగారి చేను ముందు దిగాలి. ఎండ పడేలోపు పిట్టకు పెట్టేసి, మధ్యాహ్నానికల్లా మళ్ళీ మిల్లులో కాంటా ముందు కూర్చోవాలి. వడ్ల సీజన్‌లో సెలవు అడిగితే సేటు మొహం ఎలా పెడతాడో అందరికీ తెలిసిందే. పైగా ఏ లారీ ముందు, ఏ లారీ వెనక అని చూసి చూసి జగదీష్‌కు లోకమంతా వరుసలోనే కనబడుతుంది. మామ చావును కూడా అట్లాగే వరుసలో పెట్టుకున్నాడు. వరుస తప్పితే ఏడుపొస్తుందేమోనని కొంచెం భయం కూడా ఉంది పాపం.

మామ కొమురయ్య పోయి అది మూడోరోజు. మూడోరోజున పాతిపెట్టిన బొంద దగ్గర, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, అందరూ దూరంగా జరిగి కూర్చోవాలి. కాకి వచ్చి ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. అప్పుడిక బతికున్నవాళ్ళు దండాలు పెట్టి, ఒట్లు పెట్టి, ఆ మనసులో మాటేదో కనుక్కుని తీర్చాలి. కొమురయ్య పెళ్ళాం సాలమ్మ అయితే పిట్ట ముట్టినంకనే మెతుకు ముడతానని కూర్చుంది. షుగరు మనిషి. గుక్కెడు నీళ్ళు తప్ప మూడురోజులుగా ఏమీ దిగలేదు. రాత్రి జగదీష్ భార్య రూప ఫోన్ చేసి, అమ్మ కూసున్నకాన్నే తూలుతున్నది, పొద్దుగాల్నే రా అని ఏడ్చింది.

కొమురయ్యకు ఇష్టమైనవేమిటో ఊరందరికీ తెలుసు. మేక తలకాయ కూర, హుజూర్‌నగర్ మిర్చీలు, క్వార్టరు బ్రాందీ. కూర రూప వంతు. మిర్చీలు, మందు అల్లుడి వంతు. పుట్టి బుద్ధెరిగి మందు వాసన చూడని మనిషి మన జగదీష్. పెళ్ళైన కొత్తలో ఆ సంగతి తెలిసి కొమురయ్య నెత్తికి చేతులు పెట్టుకున్నాడు. అందరికీ తాగుబోతు అల్లుళ్ళు దొరుకుతారు, నాకు మాత్రం మజ్జిగ తాగే అల్లుడు దొరికాడని వాడకట్టంతా చెప్పుకున్నాడు. అట్లాంటి అల్లుడు నిన్న సాయంత్రం మొహానికి దస్తీ కట్టుకుని వైన్సు ముందు నిలబడి, మామకు ఏది ఇష్టమో గుర్తు చేసుకుని కొన్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొస్తూ, బతికుండగా ఒక్కసారైనా కొనిపెట్టలేదే అనుకున్నాడు. అప్పుడు మాత్రం కళ్ళు తడిశాయి.

కొమురయ్య పోయిన తీరు కూడా చెప్పాలి. కోదాడలో తాగి, నడుచుకుంటూ ఇంటికి వస్తూ కల్వర్టు పక్కన పడిపోయాడు. చలికాలం. తెల్లారేసరికి మనిషి కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు. చావుకు వచ్చినవాళ్ళలో నలుగురో ఐదుగురో, "నేను సూసిన, తాగి పన్నడు, లేస్తడు గదా అనుకున్న" అన్నారు. పరామర్శకు వచ్చి ఆ మాట చెప్పి, చాయ్ తాగి వెళ్ళారు.

సరే, ఆ పొద్దున హుజూర్‌నగర్ దాకా ఏర్పాటు ప్రకారమే జరిగింది. మిర్చీల పొట్లం, క్వార్టరు, బొంద మీద కప్పడానికి కొత్త పంచె, అన్నీ ఒక సంచిలో. కాలువ వంతెన దగ్గర పొగమంచులో బండి లైటుకు రెండు పాదాలు కనబడ్డాయి. ఒకదానికి చెప్పు ఉంది, ఒకదానికి లేదు. జగదీష్ దాటిపోయాడు. అబద్ధమెందుకు, దాటే పోయాడు. "తాగి పన్నడు, లేస్తడు" అని తన నోరే అనడం మంకీక్యాపు లోపల తనకే వినబడింది. బండి వెనక్కి తిప్పాడు.

బక్కపలచని మనిషి. యాభై ఏళ్ళుంటాయేమో. పలచటి అంగీ మంచుకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెయ్యి పట్టుకుంటే ఇనుప గొట్టాన్ని పట్టుకున్నట్టుంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే పంపిస్తాం, పొగమంచుకు కొంత సేపు పడుతుందన్నారు. అంతసేపు మంచులో ఉంచితే ఏమవుతుందో జగదీష్‌కు మూడురోజుల కిందటే తెలిసింది. పక్కనే ఉన్న చాయ్ డబ్బాకు ఈడ్చుకుపోయి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. అరిచేతులు రుద్దాడు, పాదాలు రుద్దాడు, చాయ్ తాగించాడు. కాసేపటికి పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. పేరు సోమన్న, ఊరు తిరుమలగిరి అన్నాడు. ఇక్కడికెందుకు వచ్చావంటే దిక్కులు చూశాడు. తిరుమలగిరి జిల్లాకు ఆ కొసన ఉంటుంది.

మనిషి కళ్ళు తెరిచాడు, ఇక తీసుకుపో అన్నాడు డబ్బా యజమాని. ఏమన్నా అయితే పోలీసులు తననే అడుగుతారట. అంబులెన్సు వాళ్ళకు ఫోన్ చేసి, మనిషి తేరుకున్నాడు, తానే తీసుకుపోతానని చెప్పి, జగదీష్ తన స్వెట్టరు సోమన్నకు తొడిగాడు. మంకీక్యాపు పెట్టాడు, శాలువ చుట్టాడు. బండి వెనక కూర్చోబెడితే ఈపక్కకూ ఆపక్కకూ వాలిపోతున్నాడు. తప్పదని కొత్త పంచె తీసి ఇద్దరి నడుములూ కలిపి కట్టాడు. మధ్యలో సంచి పెట్టాడు. మిర్చీల వేడి మనిషికి తగులుతుందని, కావలించుకుని కూర్చోమని అతనే చెప్పాడు. పొరపాటంతా అక్కడే జరిగింది.

చలిగాలికి జగదీష్ చెవులు మొద్దుబారాయి. వెనక ఏం జరుగుతున్నదో తెలియలేదు. కొంతదూరం పోయాక వీపు వెచ్చగా తడిసినట్టనిపించింది. పాపం, ఏడుస్తున్నాడనుకున్నాడు. ఎవరికి ఏ కష్టమో, ఏడ్వనీ అనుకుని తానూ కొంచెం ఏడ్చాడు. వెనక నుంచి, "సల్లగుంటవ్ సారూ, నీ ఇల్లు సల్లగుండ" అని దీవెన వినబడింది. ఇంకొంచెం దూరం పోయాక అదే దీవెన పాటలాగా వినబడింది. తేరుకుంటున్నాడని సంతోషించాడు.

చేను రోడ్డు పక్కనే. చేనులోనే కొట్టం, కొట్టం వెనక బోరు, బోరుకు అవతల కొమురయ్య బొంద. బామ్మర్ది మహేష్ తెల్లారక ముందే వచ్చి కొట్టంలో మంట వేసి, విస్తరాకులకు ఇంటికి పోయినట్టున్నాడు, ఎవరూ లేరు. జగదీష్ పంచె ముడి విప్పి, సోమన్నను మంట పక్కన గడ్డి మీద పడుకోబెట్టి, కొయ్యకు వేలాడుతున్న కొమురయ్య గొంగడి కప్పాడు. మనిషి ఒంట్లోకి వేడి రావడం చూసి తేలిగ్గా ఊపిరి తీసుకుని, బయటికొచ్చి సంచి తెరిచాడు. మిర్చీల తొడిమలు ఉన్నాయి. క్వార్టరు సీసా ఉంది. లోపల మందు మాత్రం లేదు.

అదే సమయానికి కూర గిన్నె నెత్తిన పెట్టుకుని రూప వచ్చింది. మొగుడు వంగి సంచిలోకి చూస్తున్నాడు. వీపు నిండా బ్రాందీ వాసన. చేతిలో ఖాళీ సీసా. కళ్ళు చూస్తే ఏడ్చి ఏడ్చి ఎర్రగా ఉన్నాయి. కడుపు మండిన ఆడమనిషికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? కూర గిన్నె దించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏందయ్యా ఇది. మా నాయినకు తెచ్చింది నువ్వు తాగినవా?"

"నేను కాదే. తొవ్వల ఒగాయన పడి ఉండె, ఎత్తుకొచ్చిన. ఆయన తాగిండు."

"నీ వీపు మీదికెల్లి తాగిండా?"

అవునంటే ఎవరు నమ్ముతారు? గడ్డిలో ఉన్నాడు చూడమని కొట్టం వైపు చెయ్యి చూపాడు. రూప చూడలేదు. చూసినా గొంగడి తప్ప ఏమీ కనబడేది కాదు. ఆమెకు ఒకటే దిగులు. పిట్ట ముట్టకపోతే అమ్మ తినదు. విస్తరి పక్కన మందు లేదని తెలిస్తే అమ్మ అక్కడికక్కడే పడిపోతుంది. వైన్సు తెరిచేది బారెడు పొద్దెక్కినంక. ఏడుస్తూనే కొట్టం బయటి మూడు రాళ్ళ పొయ్యి మీద గిన్నె పెట్టి, పాలు పోయకుండా చాయ్ కాచి, చల్లార్చి సీసాలో పోసింది. రంగు అచ్చం కుదిరింది. మొగుడి వైపు చూడకుండానే సీసా అతని చేతిలో పెట్టి, ఇక నోరు తెరవకు అంది.

సాలమ్మను మహేష్ చెయ్యి పట్టి నడిపించుకొచ్చాడు. వెనకనే కొమురయ్య తమ్ముడు రాందాస్ వచ్చాడు. ఊళ్ళో ఎవరు పోయినా ఏ రోజు ఏం చెయ్యాలో చెప్పేది ఆయనే. సాలమ్మ తన చేత్తో అన్నం, తలకాయ కూర వడ్డించింది. మిర్చీలు ఏవని అడిగితే మిర్చీల డబ్బా తెరవలేదని రూప చెప్పింది. సాలమ్మ సీసా మూత తీసి విస్తరి పక్కన పెట్టి, బొంద మీద చెయ్యి వేసింది. తరవాత అందరూ బోరు దగ్గరకు జరిగి కూర్చున్నారు.

ఒక కాకి వచ్చి కరెంటు తీగ మీద వాలింది. కాకి విస్తరిని చూసింది, సీసాను చూసింది, మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎగిరి పక్క చేను గట్టు మీద కూర్చుంది. పొద్దెక్కుతున్నది. పొగమంచు విడిపోయింది. కాకి ఉన్నచోటు నుంచి కదలదు, సాలమ్మ కూర్చున్న చోటు నుంచి కదలదు.

రాందాస్ గొంతు సవరించుకున్నాడు. అన్న మనసులో ఏదో ఉంది, ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకుని ఒట్టు పెట్టండి అన్నాడు. ముందు మహేష్ లేచాడు. చేను అమ్మి సూర్యాపేటలో ప్లాటు కొందామని అతను బేరం పెట్టుకున్న సంగతి అప్పుడు బయటపడింది. నాయినా, చేను అమ్మను, నీ బొంద మీద ఒట్టు అని ఏడ్చాడు. కాకి కదలలేదు. అప్పుడు అందరూ రాందాస్ వైపు చూశారు. అన్నదమ్ముల చేల మధ్య గెట్టు పంచాయితీ ఊరెరిగినదే. రాందాస్ అటూ ఇటూ చూసి, అన్నా, గెట్టు మూరెడు వెనక్కి జరుపుతా అన్నాడు. కాకి ఒక్క గెంతు ముందుకు వేసింది. రాందాస్ అంతటితో ఊరుకున్నాడు. కాకి మళ్ళీ వెనక్కి గెంతింది. చేసేది లేక బారెడు అన్నాడు. కాకి ఈకలు దువ్వుకుంటూ కూర్చుంది. ఆ కాకి ఇంకొంచెం సేపు అక్కడే ఉంటే రాందాస్ చేను మొత్తం ఇచ్చేసేవాడేమో గాని, విసుగొచ్చి ఎగిరిపోయింది.

రూప ఇక ఆగలేకపోయింది. నాయినకు కోపం ఎవరి మీదో తనకొక్కదానికే తెలుసు. మొగుణ్ణి జబ్బ పట్టి లేపి బొంద ముందుకు తోసింది. ఒట్టు పెట్టు, ఇక తాగనని అంది. జగదీష్ నోరు తెరిచాడు. ఎదురుగా సాలమ్మ తూలుతున్నది. ఇది నిజం చెప్పే సమయమా కాదా అని అతనికి తోచలేదు. చివరకు చేతులు జోడించి, "మామా, ఇగ తాగ" అన్నాడు. చెప్పాక చాలా సిగ్గేసింది.

మహేష్ బావ వైపు వింతగా చూశాడు. రాందాస్ మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్లు దాసిపెట్టినవా అల్లుడా. నువ్వు తాగుతవని తెలిస్తే మా అన్న ఎంత సంబురపడుతుండె. ఒక్కనాడన్న జత కూసోకపోతివి."

ఆ మాట జగదీష్‌కు నిజంగానే గుచ్చుకుంది. తాగకపోయినా పక్కన కూర్చోవచ్చు కదా అనిపించింది. కొమురయ్య ఎప్పుడు పిలిచినా మిల్లులో పని ఉందనేవాడు.

అప్పుడు సాలమ్మ మాట్లాడింది. పొద్దటి నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

"మీ ఒట్లు మీ తాననే ఉంచుకోండ్రి. ఆయన అలిగింది మీ మీద కాదు. ఆ రాత్రి నాకు ఫోన్ జేసిండు. సాలీ, కాళ్ళు వశమైతలెవ్వు, పోరన్ని పంపు అన్నడు. తాగినకాన్నే పండు, ఇంటికి రాకు అన్న నేను. ఫోన్ పెట్టేసి తలుపు గొళ్ళెం ఏసుకున్న. ముప్పై ఏండ్లల్ల ఎన్నడు నా మాట ఇనలె. ఆ ఒక్కనాడు ఇన్నడు."

మహేష్ తల్లిని పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది. ఆయన అన్నం ముట్టడు, నేను ముట్టను అంది. జగదీష్ ఆ ముసలామె మొహం చూశాడు. ఇంకొక్క గడియ ఊరుకుంటే తాను మనిషిని కాననుకున్నాడు. పోయి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అత్తమ్మా, మామ నీ మీద అలగలె. ఆ సీసల ఉన్నది మందు కాదు, చాయ్."

మొదలు పెట్టాక ఇక ఆగలేదు. వంతెన, ఒంటి చెప్పు, చాయ్ డబ్బా, పంచె, వీపు మీద దీవెన, అన్నీ చెప్పాడు. ముందు తానూ దాటిపోయిన సంగతి కూడా చెప్పాడు. ఎవరికీ నమ్మకం కుదరలేదు. తాగినవాడు దొరికిపోయాక చెప్పే కథల్లో ఇది కొంచెం మేలురకం అనుకున్నట్టున్నారు. రాందాస్ పోయి సీసా వాసన చూశాడు. వేలు ముంచి నాకాడు. తలెత్తి, "అల్లం గూడ ఏసిండ్రు" అన్నాడు. రూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సందడికి కొట్టంలో గడ్డి కదిలింది. సోమన్న లేచి వచ్చాడు. కొమురయ్య గొంగడి, జగదీష్ మంకీక్యాపు, ఒక కాలికే చెప్పు. మంట కాగి మత్తు చాలావరకు దిగినట్టుంది, మొహంలో భయం తెలుస్తున్నది. బొందను చూశాడు, విస్తరిని చూశాడు, సీసాను చూశాడు. తాను తాగింది ఎవరిదో అప్పుడర్థమైంది. ఉన్నచోటే కూలబడి చేతులు జోడించాడు.

"తెల్వక తాగిన తల్లీ. సలికి పేగులు గడ్డకట్టినయి. ఆ సారు తప్పేం లేదు. ఆ సారు నన్ను కట్టుకొని తెచ్చిండు."

రూప తల తిప్పి మొగుడి వైపు చూసింది. ఆ పొద్దున ఆమె అతన్ని సరిగ్గా చూడడం అదే మొదటిసారి. మంచులో స్వెట్టరు లేకుండా వచ్చిన మనిషి ఇంకా వణుకుతూనే ఉన్నాడు. తన శాలువ తీసి అతని భుజాల మీద వేసింది.

సాలమ్మ సోమన్న దగ్గరకు పోయి కూర్చుంది. ఎక్కడ పడ్డావు, ఎందుకు పడ్డావని అడిగింది. వడ్ల లారీతో హమాలీ పనికి వచ్చాడట. బస్తాలు దించాక ఒళ్ళు నొప్పులకు నలుగురూ తాగారు. మిగతావాళ్ళు లారీ ఎక్కి వెళ్ళిపోయారు, ఇతను వంతెన మీద జరసేపు కూర్చుందామనుకున్నాడు. తరవాత సరిగ్గా తెలివొచ్చేసరికి సారు వీపు కనబడింది. నిన్ను ఎవరూ చూడలేదా అని సాలమ్మ అడిగింది. బండ్లు పోతున్న చప్పుడు మాత్రం వినబడిందని చెప్పాడు. సాలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగితే పెళ్ళాం ఉంది, ఆండాళు అన్నాడు. తన ఫోన్ ఎక్కడ పడిందో తెలియదు గాని, పెళ్ళాం నంబరు మాత్రం నోటికి వచ్చు. మహేష్ తన ఫోన్‌లో నొక్కి, అందరికీ వినబడేట్టు పెట్టి తల్లి చేతికి ఇచ్చాడు. నీ పెనిమిటి సోమన్న మా దగ్గర ఉన్నాడని సాలమ్మ చెప్పిందో లేదో, అవతల నుంచి తెల్లార్లూ కాపు కాసిన కోపమంతా ఒక్కసారి వచ్చింది.

"తాగినకాన్నే పండుమను. నా ఇంటికి రావద్దను."

సాలమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"గట్ల అనకు బిడ్డా. గా మాట నేను అన్న. అన్ననాడే మా ఆయన రోడ్డు మీద సచ్చిపోయిండు. నీ మొగడు బతికే ఉన్నడు. మంటకాడ ఉన్నడు. ఇంత అన్నం పెట్టి బస్సెక్కిస్త. వచ్చినంక తిట్టు, కొట్టు, నీ ఇష్టం. తలుపు మాత్రం తీసిపెట్టు."

అవతల నుంచి ఆండాళు ఏడుపు వినబడింది. రాత్రంతా వాకిట్లోనే కూర్చున్నానని, ఇప్పటిదాకా తలుపు వెయ్యనే లేదని, ఆయన చెవులు కప్పుకున్నాడా అని అడిగింది. కప్పుకున్నాడు తల్లీ అని సాలమ్మ చెప్పింది. సోమన్న మంకీక్యాపు కళ్ళ మీదికి లాక్కుని చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు.

ఫోన్ మహేష్‌కు ఇచ్చేసి సాలమ్మ లేచి బొంద దగ్గరకు నడిచింది. కొమురయ్యకు పెట్టిన విస్తరి రెండు చేతులా ఎత్తి తెచ్చి సోమన్న ముందు పెట్టింది. రాందాస్‌కు ఒళ్ళు మండిపోయింది. పిట్టకు పెట్టింది మనిషికి పెడతారా, శాస్త్రమేం కాను అని అడ్డం వచ్చాడు. సాలమ్మ ఆయన వైపు తిరగకుండానే జవాబు చెప్పింది.

"పిట్ట తెల్లారకముందే ముట్టింది మరిదీ. రోడ్డు మీద పడ్డోడు, మా ఆయన వంతు మందు తాగి, మా ఆయన గొంగట్లకొచ్చి పండిండు. ఇంకెట్ల ముట్టాలె?"

దానికి రాందాస్ దగ్గర శాస్త్రం లేకపోయింది. సోమన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం సాలమ్మ చూసింది. అప్పుడు తనకూ ఇంత పెట్టమని రూపను అడిగింది. రూప వడ్డిస్తుంటే జగదీష్ గిన్నె పట్టుకున్నాడు. మూడురోజుల తరవాత సాలమ్మ గొంతు దిగిన మొదటి ముద్ద పొలమారింది. నీళ్ళిచ్చారు. రెండో ముద్ద దిగింది. మహేష్ అవతలకు పోయి బోరు గొట్టం పట్టుకుని ఏడ్చాడు. సగం తిన్నాక సాలమ్మ, బొంద వైపు చూసి, కూర మంచిగయింది గదా అంది. ఎవరిని అడిగిందో అందరికీ తెలుసు.

పెళ్ళయ్యాక వచ్చే చుట్టంలా అప్పుడొచ్చింది కాకి. బొంద మీద వాలి, రాలిన నాలుగు మెతుకులు ఏరుకుని, సీసాలో ముక్కు పెట్టి చూసి వెళ్ళిపోయింది. దాన్ని చూడడానికి ఎవరికీ తీరిక లేదు.

మధ్యాహ్నం జగదీష్ సోమన్నను బండి మీద కోదాడ తీసుకెళ్ళి సూర్యాపేట బస్సు ఎక్కించాడు. అక్కడ దిగి తిరుమలగిరి బస్సు ఎలా పట్టుకోవాలో కండక్టరుకు కూడా చెప్పాడు. స్వెట్టరు, మంకీక్యాపు ఉంచుకొమ్మన్నాడు. గొంగడి సాలమ్మే ఇచ్చేసింది. మిల్లుకు పోవడం కుదరదని సేటుకు ఫోన్ చేశాడు. ఎందుకని సేటు అడిగితే ఏడుపొస్తున్నదని చెప్పాడు. అది విని సేటు, రేపు రమ్మన్నాడు.

చాయ్ ముందు పెట్టిన ఒట్లు చెల్లవని సాయంత్రానికి రాందాస్ తీర్పు చెప్పాడు, మహేష్ సరేనన్నాడు. చిలుకూరు జనం మాత్రం పోనీలెమ్మని జగదీష్ తాగుడు మానిన ఒట్టు ఒక్కటీ ఖాయం చేశారు.